ఛాయాలోకానికి తెల్ల టూటూ: నా కుట్టు డైరీ

జనవరి, సంక్రాంతి వారం

మే నెలలో మా అమ్మాయి బ్యాలే స్కూలు వార్షిక ప్రదర్శన. ‘లా బయాడేర్’ బ్యాలేలో ఛాయాలోకం అని ఒక ఘట్టం ఉంది. సోలోర్ అనే యోధుడు నల్లమందు మత్తులో ఉండగా, చనిపోయిన ప్రేయసి నికియాతో పాటు తెల్లటి ఆత్మలు వరసకట్టి వాలు మీద నుంచి ఒక్కొక్కరే దిగి వస్తారు. పెద్ద కంపెనీల్లో ఆ వరసలో 24 మందో 32 మందో ఉంటారు. ఆ ఘట్టంలో మూడు సోలోలు ఉంటే ఒకటి మా అమ్మాయికి వచ్చింది. దానికి తెల్ల టూటూ, అంటే నెట్టు పొరలతో కుట్టే బ్యాలే గౌను, కావాలి. వృత్తి నర్తకులు వేసుకునే రకం కొనాలంటే వేల డాలర్ల మాట. నేను కుడతానని టీచరు గారికి చెప్పి వచ్చాను.

న్యూజెర్సీలో మా చుట్టుపక్కల పిల్లల్ని శనివారం కూచిపూడికీ ఆదివారం బ్యాలేకీ తిప్పే తెలుగు తల్లులు చాలామందే ఉన్నారు. జాకెట్లు, పట్టులంగాలు కుట్టగలిగిన చేతికి టూటూ అందని పనేమీ కాదు. వాళ్లకి పనికొస్తుందనే ఈ డైరీ.

ప్లాను ఇది. ముందు సగం కొలతల బొమ్మ మీద రొమాంటిక్ టూటూ, అంటే కిందికి వాలే పొడుగు పాతరకం, ఒకటి. తర్వాత నిండు కొలతల్లో, నడుం చుట్టూ బల్లపరుపుగా నిలబడే అసలు టూటూ. వీలైతే మధ్యలో పౌడర్ పఫ్ అనే మూడో రకం కూడా సగం కొలతలో. పాప కోసం ఒక్కటి చాలు కదా, మిగతావి ఎందుకంటే, ఈ గౌను ఒక్కరోజులో ఈ ఆకారానికి రాలేదు. కాళ్లు ఎంత కనపడాలి, బట్ట ఎంత బరువు మోయగలదు అన్న రెండు ప్రశ్నలకి వందేళ్లకు పైగా దర్జీలు చెబుతూ వచ్చిన జవాబు అది. ఆ జవాబుని నా చేత్తో మొదటినుంచీ కుట్టి చూడాలని నా కోరిక.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. కత్తెర పట్టుకుంటే ఇప్పటికీ చెయ్యి వణకదు. ఆమె ఉండగానే పని మొదలుపెట్టడం నా అదృష్టం.

ఫిబ్రవరి మొదట్లో

రొమాంటిక్ టూటూ కుట్టడం తేలిక. నడుం నుంచి తుంటి పైభాగం దాకా బిగుతుగా పట్టుకునే పట్టీ ఉంటుంది, దాన్ని బాస్క్ అంటారు. దాని అంచుకి మెత్తటి టుల్ నెట్టు ఐదు పొరలు కుచ్చులు పోసి కుట్టాలి. పొడవు పిక్కల మధ్యదాకా. సగం కొలత బొమ్మకి 38 సెంటీమీటర్లు వచ్చింది. ఒక్కో పొరకీ విడిగా రెండు దారాలు నడిపి, రెండూ కలిపి లాగి కుచ్చు పట్టాను. ఐదు పొరలకీ కలిపి ఒకే దారం లాగితే లోపలి పొరలు ముద్దకట్టుకుంటాయి. బొమ్మని అటూ ఇటూ తిప్పితే పొరలన్నీ కాస్త ఆలస్యంగా దాని వెనకే వచ్చాయి. మనిషి ఆగిపోయాక కూడా గౌను ఒక్క క్షణం కదులుతూనే ఉంటుంది. దెయ్యాల కథలకీ దేవకన్యల కథలకీ దీన్నే ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు అర్థమైంది.

ఈ రూపం లోకానికి పరిచయమైన రోజు 1832 మార్చి 12. పారిస్ ఆపెరాలో ‘లా సిల్ఫీడ్’ మొదటి ప్రదర్శన. మారీ తాల్యోనీ నర్తకి, నృత్యం కూర్చింది ఆమె తండ్రి ఫిలిప్పో. భుజాలు కనపడే బిగుతు బాడీ, దాని కింద గంట ఆకారంలో పొరలు పొరలుగా తెల్లటి పల్చటి గౌను. దాని రూపకర్తగా యూజీన్ లామీ పేరు చెబుతారు. అంతకు నాలుగు నెలల ముందే, 1831 నవంబరులో, ‘రోబేర్ ల్ డయాబ్ల్’ ఆపెరాలో సమాధుల్లోంచి లేచిన సన్యాసినులుగా తెల్లబట్టల్లో నర్తకులు వచ్చారు. అక్కడా ముందు నిలిచింది తాల్యోనీయే. ఆ థియేటరుకి 1822 నుంచే గ్యాసు దీపాలు. కొవ్వొత్తుల పసుపు వెలుతురు పోయి, తగ్గించి పెంచగలిగే దీపం వచ్చాక వెన్నెలని వేదిక మీదికి తేవడం సాధ్యమైంది. ఆ వెన్నెల్లో తెలుపు రంగు వెలిగినట్టు ఇంకే రంగూ వెలగదు. మా ఇంట్లో లైట్లన్నీ ఆర్పి, ఒక్క టేబుల్ ల్యాంపుని కింద పెట్టి బొమ్మని నిలబెట్టి చూశాను. బయటి పొర దాదాపు మాయమై, లోపలి పొరలు పాలరంగుగా కనపడ్డాయి.

బట్ట సంగతీ చెప్పాలి. ఆరు పలకల కన్నుల ఈ నెట్టుని యంత్రం మీద నేయడం ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ 1809లో పేటెంటు పొందిన పద్ధతి. అంతకుముందు అలాంటి లేసు చేత్తో అల్లాల్సిందే. 1816లో లఫ్‌బరోలో ఆయన యంత్రాలని లడ్డైట్లు, అంటే యంత్రాల మీద తిరగబడ్డ పనివాళ్లు, పగలగొడితే, డెవన్‌లోని టివర్టన్‌కి మకాం మార్చేశాడు. గజాల కొద్దీ నెట్టు అందుబాటులోకి వచ్చాకే పొరల మీద పొరలు వేయడం థియేటర్లకి తాహతులో పనైంది. నెట్టుతో పాటు మస్లిన్, గాజు గుడ్డ, గంజి పెట్టిన టార్లటాన్ అనే పల్చటి నూలుబట్ట కూడా వాడేవారు.

అదే బట్ట ప్రాణాలూ తీసింది. పల్చటి నూలు, పొరల మధ్య గాలి, పక్కనే తెరిచిన గ్యాసు మంట. 1844లో లండన్ డ్రూరీ లేన్ థియేటరులో క్లారా వెబ్‌స్టర్ గౌను అంటుకుని ఆమె చనిపోయింది. ఎమ్మా లివ్రీ కథ చదివిన రోజు నాకు కుట్టుమిషను ముందు కూర్చోబుద్ధి కాలేదు. తాల్యోనీ తన శిష్యురాలిగా చేరదీసి, 1860లో ఆమె కోసమే ‘ల్ పపియోఁ’ అనే బ్యాలే కూర్చింది. అందులో సీతాకోకచిలుక రెక్కలు దివిటీకి అంటుకుంటాయి. రెండేళ్లకి, 1862 నవంబరు 15న, రిహార్సల్‌లో లివ్రీ గౌను గ్యాసు దీపానికి తగిలింది. ఎనిమిది నెలలు నరకయాతన పడి 1863 జులైలో పోయింది. అప్పటికి ఇరవై ఏళ్లు. మంట అంటుకోకుండా బట్టని లవణాల ద్రావణంలో ముంచే పద్ధతి ఉంది, కార్తెరోన్ అనే ఆయన పేరుతో. 1859లో ప్రభుత్వం దాన్ని తప్పనిసరీ చేసింది. కానీ ముంచిన బట్ట బిరుసెక్కి, పసుపు తిరిగి, కాంతి పోతుందని ఆమె తన మామూలు గౌనే వేసుకుంటానని పట్టుబట్టింది. కాలగా మిగిలిన పీలికలు పారిస్ ఆపెరా మ్యూజియంలో దాచి ఉంచారు. ఆ పిల్లది మొండితనమని నేననలేను. ముట్టుకుంటే పొగలా ఉండాల్సిన బట్ట అట్టలా తయారైతే ఏ నర్తకికైనా మనసొప్పదు. దీపానికి తెర కట్టాల్సింది, పిల్లకి గౌను మార్చడం కాదు.

ఫిబ్రవరి చివర

కుట్టు ఆపి రెండు బొమ్మల గురించి. జాన్-ఓగ్యూస్త్ బార్ అనే ఫ్రెంచి శిల్పి సిల్ఫీడ్ వేషంలో తాల్యోనీ కంచుబొమ్మ చేశాడు. ఆ తర్వాత అమనీ అనే అమ్మాయి బొమ్మా చేశాడు. అమనీ ఎవరంటే, 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేంద్రపురం నుంచి పారిస్‌కి వెళ్లిన దేవదాసీల బృందంలో ముఖ్య నర్తకి. తియోఫిల్ గోతియే అనే రచయిత వాళ్ల నాట్యం చూసి ముచ్చటపడి వ్యాసాలు రాశాడు. మూడేళ్లకి, 1841లో, రొమాంటిక్ టూటూకి పట్టం కట్టిన ‘జిసెల్’ బ్యాలే కథ రాసినవాళ్లలో ఆయనా ఒకడు. ‘శాకుంతలం’ ఆధారంగా 1858లో మరో బ్యాలేకి కథ అందించాడు. దానికి నృత్యం కూర్చింది ల్యూసియన్ పెటిపా. ఆయన తమ్ముడు మారియస్ పెటిపా 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తీసిందే మా అమ్మాయి చేయబోయే ‘లా బయాడేర్’.

గుడి నాట్యకత్తె కథ అయినా దుస్తుల్లో మన చీరకట్టు జాడ లేదు. అదంతా యూరప్ ఊహించుకున్న ఇండియా. కానీ దారి ఒకవైపే నడవలేదు. 1923లో రష్యన్ బ్యాలే నర్తకి ఆన్నా పావ్లోవా తన బృందంలోకి ఉదయ్ శంకర్‌ని తీసుకుని రాధాకృష్ణుల నృత్యం కట్టించింది. పావ్లోవాతో స్నేహం కలిశాక రుక్మిణీదేవి అరండేల్, ఆమె బృందంలోని క్లియో నోర్డీ దగ్గర బ్యాలే నేర్చుకున్నారు. మన నాట్యం మన దగ్గర వెతుక్కోమని పావ్లోవా ఆమెకి చెప్పిందని అంటారు. ఆ తర్వాతే భరతనాట్యం, కళాక్షేత్రం. అందుకే ఈ తెల్ల గౌను కుడుతుంటే ఎవరో పరాయివాళ్ల వస్తువు కుడుతున్నట్టు నాకు అనిపించడం లేదు.

మార్చి, హోలీ ముందు

ఇక నిండు కొలత టూటూ. కొలతలు తీశాం: నడుం, తుంటి పైభాగం, తుంటి, ఊపిరి నిండా పీల్చినప్పుడు ఛాతీ, ముందు నడుం నుంచి కాళ్ల మధ్యగా వెనక నడుం దాకా. ఆ చివరి కొలతే టూటూకి ప్రాణం. అది బిగుతైతే పాప కాలెత్తలేదు, వదులైతే గౌను మొత్తం తుంటి మీద ఊగుతుంది.

ఈ గౌను ఇంత పొట్టిది ఎందుకైందో ఒక ముక్క. 1880ల్లో ఇటలీ నుంచి వచ్చిన నర్తకులు రష్యాలో సంచలనం. మిలాన్‌లో నేర్చుకున్న వాళ్ల కాళ్లలో బలం, తిరుగుళ్లలో వేగం ఎక్కువ. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి వచ్చిన వర్జీనియా జుక్కీ, అక్కడి పొడుగు గౌను వద్దని పొట్టిదే వేసుకుంది. 1893లో పియెరీనా లెన్యానీ ‘సిండరెల్లా’లో ఒంటి కాలి మీద, రెండో కాలు విసురుతూ చేసే ఫ్వెతే అనే చుట్లు 32 తిరిగింది. 1895లో అక్కడి మారిన్‌స్కీ థియేటరు ‘స్వాన్ లేక్’లోనూ అవే 32. మోకాలు ఎలా ముడుచుకుంటోందో, మడమ ఎక్కడుందో కనపడకపోతే ఆ 32 ఎవరికి కావాలి? కాలు ఎక్కువ పని చేసేకొద్దీ గౌను పైకి జరిగింది. అయితే లెన్యానీ ఫోటోలు చూడండి, అది ఇంకా మోకాళ్ల దాకా వాలిన గంటే, పళ్లెం కాదు. న్యూయార్క్ మెట్ మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు దెగా చేసిన పద్నాలుగేళ్ల నర్తకి కంచుబొమ్మ ఉంది, నిజం బట్టతో కుట్టిన గౌనుతో. 1881లో మైనపు మూలబొమ్మని ప్రదర్శనకి పెట్టినప్పుడే ఆయన దానికి బట్ట గౌను తొడిగాడు. మా అమ్మాయిని తీసుకెళ్లి దాని ముందు నిలబెట్టాను. “ఇది టూటూనా అమ్మా, కిందికి వేలాడుతోంది?” అంది. నూలుకి గంజి ఎంత పెట్టినా చెమటకి మెత్తబడి వాలాల్సిందే. బల్లపరుపు టూటూ స్థిరపడింది ఇరవయ్యో శతాబ్దంలో. రెండో ప్రపంచయుద్ధం తర్వాత నైలాన్ నెట్టు రావడంతో గంజి బాధ పోయి, తేలికగా ఉంటూనే నిలబడే బట్ట చేతికొచ్చింది.

మాన్‌హట్టన్ గార్మెంట్ డిస్ట్రిక్ట్‌లో 137 సెంటీమీటర్ల పన్నా ఉన్న గట్టి నైలాన్ నెట్టు 11 మీటర్లు తెచ్చాను. లెక్క ప్రకారం 9 మీటర్ల పైచిలుకు చాలు.

అమ్మ నెట్టుని వేళ్ల మధ్య నలిపి చూసింది. “పెళ్లి లెహంగాల్లో వేసే క్యాన్‌క్యానేగా ఇది?”

“అదే జాతి అమ్మా. అక్కడ అది పైబట్ట బరువుని మోస్తూ కిందికి దిగాలి. ఇక్కడ దేన్నీ మొయ్యదు, తనకి తనే పక్కకి నిలబడాలి.”

“ఇంత గట్టిది, పిల్ల ఒంటికి గుచ్చుకోదుటే?”

“అందుకే అడుగున చిన్న పొరలకి మెత్తటి టుల్ వేస్తున్నాను. తొడలకి తగిలేవి అవే.”

మార్చి చివర

పన్నెండు పొరలు. పైనుంచి వెడల్పులు సెంటీమీటర్లలో: 37, 36, 34, 32, 29, 26, 22, 18, 14, 10, 7, 4. పై ఎనిమిది పొరలకి ఒక్కోటీ 5 మీటర్ల పట్టీ, కింది నాలుగింటికీ 2.5 మీటర్ల చొప్పున. ఐదు మీటర్లని తొంభై సెంటీమీటర్ల లోపు కుచ్చులో ఇరికిస్తాం. ఇరుకే దాని బలం. కుచ్చు మొదలు దగ్గర చోటు లేక నెట్టు బయటికి తన్నుకొస్తుంది. దాని కిందున్న పొర కాస్త పొట్టిగా ఉండి దాన్ని భుజం మీద మోస్తుంది, దాన్ని ఇంకో పొట్టిది. పైనున్న 37 సెంటీమీటర్ల పొర గాల్లో నిలబడిందంటే అడుగున ఎవరికీ కనపడని 4 సెంటీమీటర్ల పొర నుంచి లెక్క మొదలైందన్నమాట.

పట్టీల అంచు మడవకూడదు. కత్తెరతో కోసుకుంటూ పళ్లు పళ్లుగా తీర్చాలి, ఒక్కో పన్ను ఒకటిన్నర సెంటీమీటరు. నిలువుగా కత్తిరించిన గట్టి నెట్టు అంచు దూరానికి గీత గీసినట్టు కనపడుతుంది. పళ్లు పెడితే ఆ గీత చెదిరి అంచు గాల్లో కలుస్తుంది. పట్టీని ఎనిమిది మడతలు వేసి అమ్మ కోస్తుంటే, మడతల మధ్య నెట్టు జారకుండా నేను పట్టుకున్నాను. యాభై మీటర్ల అంచు తీర్చాలి. టీవీలో సీరియల్ పెట్టుకుని ఇద్దరం కూర్చుని కానిచ్చాం.

పొరలన్నీ కుట్టేది లోపలి చెడ్డీ మీద. దానికి కుట్టు వేయక ముందు, బట్ట పరిచి ఉన్నప్పుడే, 1.2 సెంటీమీటర్ల ఎడంలో నీళ్లకి పోయే పెన్నుతో గీతలు గీశాను. ఒక్కో గీత మీద ఒక్కో పొర. నేను కింది నుంచి పైకి వెళ్లాను, కాలి అంచు దగ్గరి చిన్నదానితో మొదలుపెట్టి. పైనుంచి కిందికి వచ్చేవాళ్లూ ఉన్నారు, కానీ పెద్ద పొరలు ముందే ఉంటే మిషను పాదం కనపడదు. పెద్ద పొరలకి వచ్చేసరికి మిషను చుట్టూ తెల్లటి నురగ. అమ్మ ఎదురుగా నిలబడి కుట్టేసిన పొరలని రెండు చేతులా ఎత్తిపట్టుకుంటేనే సూది కింద ఏముందో తెలిసింది. ఇద్దరు మనుషుల పని ఇది. పెద్ద కంపెనీల వర్క్‌షాపుల్లోనూ బాడీ కుట్టేవాళ్లు, నెట్టు కుట్టేవాళ్లు వేరువేరుగా ఉంటారంటే ఆశ్చర్యం లేదు.

పన్నెండో పొర అయ్యాక చెడ్డీ కాళ్ల మధ్య కుట్టు వేసి మూశాను. బొమ్మకి తొడిగితే అన్ని వైపులా ఎగిరిపడుతున్న పెద్ద పువ్వులా ఉంది. ఇంకా టూటూ కాలేదు.

ఏప్రిల్, ఉగాది తర్వాత

దాన్ని టూటూ చేసేవి రెండు: వలయం, టాకాలు.

వలయం అంటే సన్నటి ఉక్కు బద్ద. పైనుంచి ఐదో పొరకి మధ్యకి బయటగా ఒక రిబ్బను గొట్టం కుట్టి అందులో దూర్చాను, చుట్టుకొలత సుమారు 2.4 మీటర్లు. రెండు కొసలనీ చిన్న లోహపు గొట్టంలో కలిపి బిగించాను. బద్ద పడగానే పువ్వు ఒక్కసారి బల్లపరుపైంది. ప్యాన్‌కేక్ అనే రకం ఇదే. పైపొర మీద ఎంబ్రాయిడరీ పళ్లెం కూర్చితే దాన్ని ప్లాటర్ అంటారు. నెట్టు సంగతి పూర్తిగా వదిలేసినవాళ్లూ ఉన్నారు. 1996లో విలియం ఫోర్సైత్ బ్యాలేకి స్టీఫెన్ గాలోవే ఒకే పొర ఆకుపచ్చ చక్రాలు చేశాడు. వింతగా ఉన్నా నాకు నచ్చుతాయి, వందేళ్ల ఆలోచనని ఒక్క గీతకి కుదించినట్టు.

టాకాలు చేత్తోనే వేయాలి. గౌనుని తలకిందులుగా స్టాండుకి తగిలించి, అడుగు పొర నుంచి సూది లోపలికి దింపి, రెండు మూడు పొరలు పట్టుకుని, దారాన్ని ఒక సెంటీమీటరు వదులుగా వదిలి ముడి వేయాలి. మళ్లీ వేలెడు దూరంలో ఇంకోటి. నడుం దగ్గర ఒక చుట్టు, మధ్యలో ఒకటి, అంచుకి ముందు ఒకటి. ఆ వదులే అసలు విద్య. బిగించి కట్టేస్తే పొరలు అట్టలా అతుక్కుని, పాప దూకినప్పుడు గౌను మొత్తం ఒకేసారి పైకీ కిందికీ కొట్టుకుంటుంది. మరీ వదిలేస్తే తిరిగినప్పుడు పొరలు దేనికవి విడిపోతాయి. సరిగ్గా పడితే దూకి దిగాక గౌను ఒక్కసారి ఊపిరి తీసినట్టు కదిలి ఊరుకుంటుంది. ఈ ఒక్క పనికి మిగతా కుట్టంతటికీ పట్టినంత సమయం పట్టింది. చూసేవాళ్లకి ఒక్క దారమూ కనపడదు. టూటూ అందం నెట్టులో ఉందని అందరూ అనుకుంటారు, నా మట్టుకు నాకు ఈ టాకాల్లోనే ఉంది.

ఇక్కడ కరీన్‌స్కాకి దండం పెట్టాలి. బార్బరా కరీన్‌స్కా 1886లో ఖార్కివ్‌లో పుట్టింది. విప్లవం తర్వాత పారిస్, లండన్ మీదుగా న్యూయార్క్ చేరి నృత్యదర్శకుడు జార్జ్ బాలన్‌షీన్ బ్యాలేలకి దశాబ్దాలపాటు దుస్తులు కుట్టింది. ‘సింఫనీ ఇన్ సి’ చివర్లో యాభై మంది పైగా ఒకేసారి వేదిక మీద ఉంటారు. వలయాలున్న టూటూలు ఒకదానికొకటి తగిలితే ఒకవైపు నొక్కుకుని రెండోవైపు లేచిపోతాయి. ఆమె 1950లో వలయం తీసేసింది. పొరలు తగ్గించి, పొట్టి చేసి, చాలా వదులు టాకాలతో కలిపింది. అదే పౌడర్ పఫ్. పక్కవాళ్లకి తగిలినా నలిగి మళ్లీ పొంగుతుంది. సగం కొలతలో ఆరు పొరలతో చేసి చూశాను, వేలితో ఒకవైపు నొక్కితే రెండోవైపు కదల్లేదు. మా అమ్మాయి సోలో కాబట్టి ప్యాన్‌కేకే ఉంచాను. ఛాయాలోకంలో ఆ అంచు గీత నేలకి సమాంతరంగా కనపడాలి. ఆరబెస్క్‌లో ఒళ్లు ముందుకి వాలి వెనక కాలు లేస్తే గౌను వెనక భాగం నిటారుగా లేచి ఎంత వాలిందో చెప్పేస్తుంది. తప్పు దాచుకోనివ్వదు.

ఇంకో మాట. జంట నృత్యం చేసే పిల్లలకి రిహార్సల్ టూటూ తప్పనిసరి. బాడీ లేకుండా ఒక్క గౌను మాత్రమే ఉంటుంది. నడుం పట్టుకునే అబ్బాయికి ఆ పళ్లెం మీదుగా ఆమె పాదాలు కనపడవు, చేతులు గౌను కిందకి పోనిచ్చి అలవాటుతోనే పట్టాలి. అది ప్రదర్శన రోజు నేర్చుకునే సంగతి కాదు.

ఏప్రిల్ చివర

బాడీ మన ప్రిన్సెస్ కట్ జాకెట్టుకి అక్కగారు. పది ముక్కలు, లోపల గట్టి నూలు డ్రిల్లు, పైన తెల్ల శాటిన్. పక్క ముక్కలని ఏటవాలు మీద కత్తిరించాను. ఇదీ కరీన్‌స్కా దగ్గరి విద్యే. ఏటవాలు బట్ట ఊపిరితో సాగి మళ్లీ దగ్గరికొస్తుంది, సాగే బట్ట వాడక్కర్లేదు. బాడీని బాస్క్‌కి పూర్తిగా కుట్టేయలేదు, ముందువైపు నడుం కింద కోణం దగ్గరా పక్కలా మాత్రమే పట్టించాను. వెన్ను వంచినప్పుడు రెండూ విడిగా కదలాలి.

వెనక జిప్పు పెట్టకూడదు. ప్రదర్శన మధ్యలో జిప్పు ఊడితే చేసేదేం లేదు, ఒక హుక్కు ఊడినా మిగతావి ఉంటాయి. హుక్కులు ఒక వరస, వాటికి దారపు కాజాలు మూడు వరసలు. వచ్చే ఏడు ఇంకో అమ్మాయి వేసుకోవచ్చు.

నిన్న సాయంత్రం మొదటి ట్రయల్. మా అమ్మాయి హాల్లో సోఫాలు జరిపేసి సోలో మొత్తం చేసింది. నేను నేలమీద కూర్చుని గౌను అంచునే చూశాను. దూకి దిగినప్పుడల్లా ఒక్క ఊపు, అంతే. కుడి తుంటి దగ్గర అంచు వేలెడు కిందికి ఉంది. అక్కడ అంచు చుట్టు టాకాలు కొంచెం దగ్గర చేస్తే సరిపోతుంది. భుజాల ఎలాస్టిక్ పట్టీలు చర్మం రంగువి మార్చాలి. ఛాయలకి చేతుల నుంచి వేలాడే సన్నటి టుల్ ముసుగు ఉంటుంది, దాన్ని మణికట్టు దగ్గర గట్టిగా కుట్టకుండా ఒక చిన్న హుక్కుతో పెట్టాను, కాలికి చుట్టుకుంటే ఊడి రావాలి కాబట్టి.

“కూచిపూడి డ్రెస్‌లో అయితే కూర్చుంటేనే కుచ్చు విచ్చుకుంటుంది, ఇది ఎప్పుడూ విచ్చుకునే ఉంటుంది అమ్మమ్మా” అంది.

“అందుకే పడుకోబెట్టడం కష్టం తల్లీ, దీన్ని ఎక్కడ పెడతారు మీ అమ్మా నువ్వూ?” అంది అమ్మ.

ప్రశ్న సబబే, జవాబు కాగితం మీద రాసి గౌను సంచిలో పెట్టాను, స్కూలుకి వెళ్లాక అక్కడివాళ్లకీ కావాలి కదా. ఉతక్కూడదు, నీళ్లలో ముంచకూడదు. హ్యాంగరుకి నిటారుగా తగిలించొద్దు, చెడ్డీ కాళ్ల దగ్గర క్లిప్పులు పెట్టి తలకిందులుగా వేలాడదీయాలి, లేదా బల్ల మీద తలకిందులుగా పెట్టాలి. చెమట వాసనకి వోడ్కాలో నీళ్లు కలిపి లోపలివైపు స్ప్రే చేసి నీడలో ఆరనివ్వాలి, థియేటర్లలో చేసేది అదే. బాడీ లోపల చంకల దగ్గర గుడ్డ పట్టీలు హుక్కులతో ఊడి వస్తాయి, వాటిని మాత్రం ప్రతిసారీ ఉతకండి. ఇస్త్రీపెట్టె దగ్గరికి తేవద్దు, నైలాన్ కరిగిపోతుంది. నలిగితే దూరం నుంచి ఆవిరి పట్టండి.